తడిగుడ్డ చుట్టిన బాటిల్

క్యాంపు గేటు దాటి సైకిలెక్కినప్పుడు బాటిల్‌లో నీళ్ళు చల్లగానే ఉంటాయి. నాలుగైదు కిలోమీటర్లు పోయేసరికి గోరువెచ్చన. పది దాటాక టీ పొడి వేసుకుంటే చాలన్నట్టుంటాయి. వేసవిలో సైకిలు తొక్కే మన వాళ్ళకు ఈ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. ఆ వేడినీళ్ళను ఎవరూ ఇష్టపడి తాగరు. ఒక్క గుక్కతో నోరు తడుపుకుని మూత బిగిస్తారు. “క్యాంపుకు పోయినంక తాగుదాం తియ్” అనుకుంటారు. బాటిల్‌లో ముప్పావు వంతు నీళ్ళు అలాగే ఉంటాయి, మనిషి మాత్రం ఎండిపోతాడు.

చల్లటి నీళ్ళ కోసం మేము పడే పాట్లు సుఖం కోసం పడేవి కావు. నీళ్ళు చల్లగా ఉంటే చెయ్యి దానంతటదే బాటిల్ మీదికి పోతుంది, వేడిగా ఉంటే దాహమేసినా పోదు. మా గదిలో ఏడుగురం. అందరం ఈ విషయం ఒక శుక్రవారం నాడు బాగా తెలుసుకున్నాం. ఆ శుక్రవారం గురించి చెప్పేముందు అల్ ఐన్ గురించి చెప్పాలి.

మాలో నలుగురం జబల్ అలీకి రాకముందు అల్ ఐన్‌లో, సనాయియా దగ్గర క్యాంపులో ఉండేవాళ్ళం. అల్ ఐన్ సముద్రానికి దూరం. అక్కడి ఎండ మన కరీంనగర్, జగిత్యాల మే నెల ఎండ లాంటిది. నిప్పులు చెరుగుతుంది గానీ పొడిగా ఉంటుంది. మొహానికి కొట్టేది వడగాడ్పు. అక్కడ మేము ఫ్రిజ్ కోసం ఎప్పుడూ కొట్లాడుకోలేదు. పాత లుంగీ ముక్కో, మందపాటి సాక్సో తడిపి బాటిల్‌కు తొడిగి, హ్యాండిల్‌కు కట్టేవాళ్ళం. సైకిలు పోతుంటే గాలి తగిలి గుడ్డ ఆరుతుంది, ఆరుతున్నకొద్దీ నీళ్ళు చల్లబడతాయి. గుడ్డ ఆరిపోతే దారిలో మళ్ళీ తడిపేవాళ్ళం. గంట తొక్కాక కూడా కుండలో నీళ్ళలా ఉండేవి. ఇది మాకు ఎవరూ నేర్పలేదు. ఇంట్లో రంజన్‌కు తడి గోనెపట్టా చుట్టడం, చలివేంద్రంలో కుండలను తడి ఇసుకలో కూర్చోబెట్టడం చిన్నప్పటి నుంచి చూసిందే.

తర్వాత జబల్ అలీకి మారాం. అదే సాక్సు, అదే బాటిల్, అదే సైకిలు. జూన్ మొదట్లో కొంచెం పనిచేసింది. ఆగస్టు వచ్చేసరికి పూర్తిగా చేతులెత్తేసింది. గుడ్డ గంటసేపయినా ఆరదు, నీళ్ళు మాత్రం వెచ్చగానే ఉంటాయి. సాక్సు మంచిది కాదేమోనని టవల్ మార్చి చూశాం. గదిలో కాకినాడ వైపు బావ ఒకడున్నాడు. మా అవస్థ చూసి నవ్వాడు. “మా ఊళ్ళో ఉక్కపోత రోజుల్లో కుండ నీళ్ళు కూడా ఇంతే బావా. బట్టలే ఆరవు, కుండెక్కడ చల్లబడుద్ది?” అన్నాడు.

బావ చెప్పినదే అసలు కిటుకు. ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే దాదాపు 580 కేలరీల వేడి కావాలి. ఆ వేడిని గుడ్డ బాటిల్ నుంచి లాక్కుంటుంది, అందుకే లోపలి నీళ్ళు చల్లబడతాయి. కానీ గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే నీరు ఆవిరయ్యేది చాలా తక్కువ. ఎంత తడి గుడ్డ కట్టినా, ఎంత గాలి తగిలినా, ఒక హద్దు దాటి చల్లబడదు. ఆ హద్దును వాతావరణ శాఖ వాళ్ళు తడి బల్బు ఉష్ణోగ్రత అంటారు. థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి, గాలి తగిలేలా పెట్టి చూసే లెక్క అది. మన సాక్సు తొడిగిన బాటిల్ కూడా దాదాపు అదే పని చేస్తోంది.

లెక్క వేసి చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. ఎండ 45 డిగ్రీలుండి, గాలిలో తేమ 15 శాతమే ఉంటే తడిగుడ్డ హద్దు 24 డిగ్రీల దగ్గర ఉంటుంది. అల్ ఐన్‌లో మా నీళ్ళు తాగేలా ఉన్నది ఇందుకే. ఎండ 38 డిగ్రీలే ఉండి, తేమ 65 శాతం ఉంటే హద్దు 32 డిగ్రీలు. అంటే ఎండ ఏడు డిగ్రీలు తగ్గిన రోజున మన నీళ్ళు ఎనిమిది డిగ్రీలు ఎక్కువ వెచ్చగా ఉంటాయి. ఇది కూడా నీడలో మాట. నేరుగా ఎండ తగిలితే ఇంకా పెరుగుతుంది. దుబాయి, షార్జా, దోహా, మనామా, దమ్మాం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్ళలో జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఉక్క రోజులు ఎక్కువ. రియాద్ వైపు ఉన్నవాళ్ళకు తడిగుడ్డ బాగా పనికొస్తుంది. కువైట్‌లో వాయవ్యం నుంచి షమాల్ గాలి కొట్టే రోజుల్లో పనికొస్తుంది, సముద్రం వైపు గాలి మళ్ళితే పనికిరాదు.

ఇంతవరకు బాటిల్ సంగతి. ఇక ఆ శుక్రవారం.

ఊరి నుంచి వచ్చినతను పచ్చళ్ళు, సకినాలు, మా ఇళ్ళ నుంచి తలా ఒక ప్యాకెట్టు తెచ్చాడు. అతని క్యాంపు మాకు పన్నెండు కిలోమీటర్లు. ఆ సాయంత్రమే వేరే చోటుకు మారుతున్నాడు కాబట్టి పొద్దున్నే రమ్మన్నాడు. ముగ్గురం సైకిళ్ళ మీద బయల్దేరాం. పోయేటప్పుడు బాగానే ఉంది. అక్కడ ముచ్చట్లలో పడి, టీ తాగి, తిరుగు ప్రయాణమయ్యేసరికి పదకొండున్నర దాటింది. మధ్యాహ్నం ఎండలో పని చేయించకూడదని చట్టం ఉంది, మన సొంత పని మీద మనం సైకిలు తొక్కితే ఆపేవాళ్ళెవరు?

మాలో చిన్నవాడు మా ఊరి తమ్ముడే. వచ్చి అప్పటికి మూడు నెలలు. అల్ ఐన్ కథలు మేమే గొప్పగా చెప్పి వాడికి సాక్సు అలవాటు చేశాం. ఐసు బాటిల్ తెచ్చుకోలేదు. సగం దారిలో “అన్నా, బాటిల్ల నీళ్ళు చాయ్ లెక్కయినయ్, తాగబుద్ధయితలేదు” అన్నాడు. మా దగ్గరున్నవి కూడా అలాగే ఉన్నాయి. ఇంకో అరగంటే కదా, తొక్కు తమ్మీ అన్నాం. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ మాకు సిగ్గుగానే ఉంటుంది.

కాసేపటికి వాడి హ్యాండిల్ అటూ ఇటూ ఊగసాగింది. ఏరా అని పిలిస్తే పలకలేదు. ఆపి అడిగితే మేము ఒకటడిగితే వాడు ఇంకొకటి చెబుతున్నాడు. బస్సు వచ్చిందా అంటాడు. చొక్కా పిండితే నీళ్ళు కారేలా తడిసి ఉంది, ఒళ్ళు మాత్రం కాలిపోతోంది. చొక్కా అంత తడిగా ఉంది కాబట్టి ఒళ్ళు చల్లగా ఉంటుందని అప్పటిదాకా అనుకున్నాం.

అక్కడే బాటిల్‌కూ మనిషికీ సంబంధం తెలిసింది. మన ఒళ్ళు కూడా తడిగుడ్డ చుట్టిన బాటిలే. చెమటే తడి, చొక్కాయే గుడ్డ. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. కారిపోయిన చెమట వల్ల ఒంట్లో నీళ్ళు, ఉప్పు పోతాయి తప్ప చల్లదనం రాదు. మన చర్మం వేడి 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. తడి బల్బు లెక్క 35కు చేరితే, ఆరోగ్యంగా ఉన్న మనిషి నీడలో ఊరికే కూర్చున్నా కొన్ని గంటలకు మించి తట్టుకోలేడని శాస్త్రవేత్తలు చాలాకాలంగా లెక్కగడుతున్నారు. పాకిస్తాన్‌లోని జాకోబాబాద్‌లో, ఇక్కడి రస్ అల్ ఖైమాలో ఆ హద్దును కొద్దిసేపు తాకిన సందర్భాలున్నాయని 2020లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. పని చేసేవాడికీ, సైకిలు తొక్కేవాడికీ అంతకంటే చాలా ముందే ముప్పు మొదలవుతుంది. తొక్కే కాళ్ళు లోపలి నుంచి ఇంకా వేడి పుట్టిస్తూనే ఉంటాయి కదా.

దగ్గర్లో మసీదు గోడకు సబీల్ ఉంది. దాహమైన వాళ్ళకోసం పుణ్యానికి పెట్టే చల్లటి నీళ్ళ కుళాయి. వాణ్ణి నీడలోకి లాగి, చొక్కా విప్పి, ఆ నీళ్ళు తల మీద, మెడ మీద, చంకల్లో, ఒళ్ళంతా పోస్తూ, సకినాల అట్టపెట్టె చింపి విసిరాం. ఒకడు 998కి ఫోన్ చేశాడు. అంబులెన్సు వచ్చేదాకా పోస్తూనే ఉన్నాం. వాడు బతికాడు, రెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. నీళ్ళు పోయడం ఆపకపోవడం మంచిదయిందని డాక్టరు అన్నాడు.

ఎండదెబ్బలో మాట తడబడితే, మనిషి తికమకపడితే, పడిపోతే అది కాసేపు పడుకుంటే తగ్గే నీరసం కాదు. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి ఉండొచ్చు. ముందు అంబులెన్సుకు ఫోన్ చేయాలి, వచ్చేదాకా ఒంటి మీద నీళ్ళు పోసి విసురుతూ ఉండాలి. స్పృహ లేని వాడి నోట్లో నీళ్ళు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఎమిరేట్స్‌లో 998, సౌదీలో 997, కువైట్‌లో 112, ఖతర్‌లో, బహ్రెయిన్‌లో 999, ఒమన్‌లో 9999. ఈ నంబర్లను ఫోన్లో పెట్టుకోవడానికి అర నిమిషం పడుతుంది.

ఆ తర్వాత మేము సాక్సును నమ్ముకోవడం మానేసి ఐసు మీద పడ్డాం. ఐసుకు గాలిలో తేమతో పని లేదు. ఒక గ్రాము ఐసు కరగడానికి 80 కేలరీలు కావాలి. అంటే అర లీటరు ఐసు కరగడానికి పట్టే వేడితో ఒక లీటరు నీళ్ళు సున్నా నుంచి 40 డిగ్రీలకు పోతాయి. అందుకే వట్టి ఫ్రిజ్ నీళ్ళు గంటకే వేడెక్కిపోతాయి, లోపల గడ్డ ఉన్న బాటిల్ మాత్రం గడ్డ కరిగేదాకా చల్లగానే ఉంటుంది.

గడ్డ కట్టించడంలో మేము చేయని తప్పు లేదు. మొదట బాటిల్ నిండా నింపి ఫ్రీజర్లో పెట్టాం. 100 మిల్లీలీటర్ల నీళ్ళు గడ్డ కడితే దాదాపు 109 అవుతాయి. మూత లేచిపోయింది, పక్కన పెట్టిన ఒకాయన చేపలన్నీ తడిసి గదిలో రెండు రోజులు గొడవ. తర్వాత కొంచెం తక్కువ నింపాం. అప్పుడు గడ్డ కట్టింది గానీ దారిలో తాగడానికి నీళ్ళే లేవు, బండరాయిని మోసుకుపోయినట్టయింది. చివరికి కుదిరిన పద్ధతి ఇది. లీటరున్నర బాటిల్‌లో సగానికి కొంచెం తక్కువ పోసి, మూత బిగించి, ఫ్రీజర్లో పక్కకు పడుకోబెట్టాలి. ఐసు ఒక గోడ పొడవునా కడుతుంది, మూతి దగ్గర అడ్డం రాదు. పొద్దున బయల్దేరే ముందు మిగతా ఖాళీలో ఫ్రిజ్ నీళ్ళు పోసుకుంటే మొదటి నిమిషం నుంచి తాగొచ్చు. దూరం ఎక్కువయితే రెండోది కూడా గడ్డ కట్టించి, మూత తీయకుండా అడుగున పెట్టుకుంటాం.

ఫ్రీజర్లో చోటు గదికి ఒక రాజకీయం. ఏడుగురికీ చోటు చాలదు కాబట్టి, మరుసటి రోజు దూరం పోయేవాడిదే మొదటి హక్కు అని పెట్టుకున్నాం. బాటిల్ మీద మార్కరుతో పేరు రాసినా రాత్రి డ్యూటీ నుంచి వచ్చినవాడు తాగేస్తాడు. దానికి మందు ఇంకా దొరకలేదు.

ఐసు ఎంతసేపు నిలుస్తుందనేది చుట్టే దాన్ని బట్టి ఉంటుంది. ఇక్కడ తడిగుడ్డ లెక్కకు సరిగ్గా వ్యతిరేకం, చుట్టేది పొడిగా ఉండాలి. మేము మొదట బాటిల్‌కు ప్లాస్టిక్ కవరు తొడుగుతాం, ఎందుకంటే చల్లటి బాటిల్ మీద గాలిలోని తేమ నీరై కారుతుంది. కవరు మీద పాత న్యూస్ పేపరు ఏడెనిమిది మడతలు. మడతల మధ్య చిక్కుకున్న గాలే వేడిని ఆపేది కాబట్టి మరీ బిగించకూడదు. ఈ పత్రిక కూడా చదివాక పనికొస్తుంది, ముందే చుట్టేయకండి. దాని మీద పొడి టవలు, అన్నిటికీ పైన బిర్యానీ పార్సిల్ మీద వచ్చే వెండి రంగు కాగితం మెరుపు బయటికి వచ్చేలా. ఇంకా మంచిది కావాలంటే చేపల మార్కెట్లో పారేసే చిన్న థర్మాకోల్ పెట్టె. సబ్బుతో రెండుసార్లు కడిగి, వెనక క్యారియర్‌కు పాత ట్యూబుతో కట్టేస్తే పది కిలోమీటర్లయినా కదలదు. నల్ల రెగ్జిన్ బ్యాగులో మాత్రం బాటిల్ పెట్టొద్దు. ఎండకు అది పొయ్యి. బరువున్న సంచిని హ్యాండిల్‌కు ఒక పక్క వేలాడదీస్తే మలుపులో సైకిలు పక్కకు లాగేస్తుంది. లారీలు తిరిగే దారిలో అది నీళ్ళకంటే పెద్ద సమస్య.

కొంచెం డబ్బు పెట్టగలిగితే రెండు గోడల స్టీలు ఫ్లాస్కుకు మించింది లేదు. రెండు గోడల మధ్య గాలి లేకుండా చేస్తారు, వేడి దాటి రావడానికి దారి ఉండదు. 1892లో జేమ్స్ డ్యువార్ అనే స్కాట్లండ్ శాస్త్రవేత్త తన ప్రయోగశాల కోసం చేసుకున్న ఏర్పాటు ఇది. కొనేటప్పుడే మోసపోతాం. ఒకే గోడ ఉన్న స్టీలు బాటిల్ పైకి అచ్చం అలాగే ఉంటుంది, ధర తక్కువ, ఎండలో మాత్రం ప్లాస్టిక్ కంటే తొందరగా కాలుతుంది. ఇంటికి తెచ్చాక వేడి నీళ్ళు పోసి మూత పెట్టి పది నిమిషాలు ఆగండి. పైన ఒళ్ళంతా వెచ్చగా తగిలితే అది ఫ్లాస్కు కాదు, లేదా లోపలి ఖాళీ పాడయింది. రసీదు ఉంటే అప్పుడే తిరిగిచ్చేయొచ్చు. నింపే ముందు కాసిన్ని చల్లనీళ్ళు పోసి తిప్పి పారబోసి, తర్వాత ఐసు ముక్కలు, నీళ్ళు పోసుకుంటే ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. ఫ్లాస్కునే ఫ్రీజర్లో పెట్టకూడదు, గడ్డ ఉబ్బి గోడ పోతుంది.

డెలివరీ మోటార్‌సైకిళ్ళు నడిపే తమ్ముళ్ళది ఇంకో బాధ. వెనక పెట్టె నిండా పక్కవాడి ఐస్‌క్రీము, తాగే బాటిల్ మాత్రం ఇంజను పక్కన ఉంటుంది. పెట్టె బయటి జేబులోనో, వీపు వెనకో పెట్టుకోవాలి తప్ప కాళ్ళ దగ్గర పెట్టొద్దు. ఎమిరేట్స్‌లో డెలివరీ వాళ్ళకోసం ఏసీ విశ్రాంతి గదులు వచ్చాయి. ఆర్డర్ల తొందరలో దాటిపోకుండా, అయిదు నిమిషాలు ఆగి బాటిల్ నింపుకోండి.

ఎంత తాగాలంటే, ఎండలో ఒళ్ళు వంచేటప్పుడు పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు, అంటే దాదాపు 240 మిల్లీలీటర్లు. దాహం వేసేదాకా ఆగకూడదు. అలాగని గంటకు లీటరున్నరకు మించి వట్టి నీళ్ళు పట్టించొద్దు, ఒంట్లో ఉప్పు పలచబడి అదో ప్రమాదం. చాలాసేపు చెమట పోతే లీటరు నీళ్ళలో ఆరు టీ స్పూన్ల పంచదార, అర టీ స్పూను ఉప్పు, లేదా లబన్‌లో ఉప్పు వేసి మన మజ్జిగలా. బీపీకో షుగరుకో మందులు వాడేవాళ్ళు ఉప్పు, పంచదార సంగతి డాక్టర్ని అడిగి తెలుసుకోవాలి. మూత్రం ముదురు పసుపుగా వస్తుంటే నీళ్ళు చాలడం లేదన్నమాట. నీళ్ళు తక్కువ తాగితే మూత్రంలో రాళ్ళు కూడా వస్తాయి. ఐసు నీళ్ళు తాగితే గుండె ఆగుతుందని మా గదిలో ఒక పెద్దాయన భయపెట్టేవాడు. గటగటా తాగితే నుదురు జివ్వుమంటుంది, అంతే. గుక్క గుక్కగా తాగొచ్చు.

పని చోట చల్లటి నీళ్ళు మనం మోసుకుపోవాల్సిన అవసరమే ఉండకూడదు. ఎమిరేట్స్‌లో 2005 నుంచి మధ్యాహ్నపు విరామం అమలవుతోంది. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా, పన్నెండున్నర నుంచి మూడు గంటల వరకు ఎండలో పని చేయించకూడదు. ఉల్లంఘిస్తే ఒక్కో కార్మికుడికి 5,000 దిర్హాములు, మొత్తం 50,000 దాకా జరిమానా. నీడ, చల్లటి నీళ్ళు ఏర్పాటు చేయాల్సింది కంపెనీయే. లేకపోతే 600590000కు ఫోన్ చేసి చెప్పొచ్చు. సౌదీలో అవే తేదీల్లో పన్నెండు నుంచి మూడు, కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా పదకొండు నుంచి నాలుగు, ఖతర్‌లో 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 దాకా పది నుంచి మూడున్నర. ఈ వేళల్లో మన సొంత పనుల మీద కూడా సైకిలు తీయొద్దని మా గదిలో ఒప్పందం. పచ్చడి సాయంత్రం దాకా పాడవదు.

ఆ తమ్ముడు ఇప్పటికీ సైకిలు తొక్కుతాడు. వెనక థర్మాకోల్ పెట్టెలో రెండు ఐసు బాటిళ్ళు ఉంటాయి. ముందు హ్యాండిల్‌కు మాత్రం అదే పాత సాక్సు తొడిగిన చిన్న బాటిల్ కట్టుకుంటాడు. అందులోవి తాగడు. కిలోమీటరో రెండో పోయాక ఆగి, సాక్సు మీద చెయ్యి పెట్టి చూస్తాడు. చల్లగా తగిలితే ముందుకు పోతాడు. వెచ్చగా ఉంటే “ఇయ్యాల ఉక్క ఉన్నదన్నా, బస్సుల పోదాం” అని సైకిలు వెనక్కి తిప్పుతాడు.